ఇంటా బయటా: కుర్రవాడు రాత్రి ఎవరితో అన్నం తింటున్నాడు?

క్రిందటి నెల మన సంఘం సమావేశం ముగిసిన తర్వాత, ఉప్మా కాఫీల దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. ఆ వేళ సభలో మాట్లాడుతూ, "ఈ రోజుల్లో విడాకులు మితిమీరిపోయాయి, అందుకే పిల్లలు దొంగతనాలకూ దొమ్మీలకూ దిగుతున్నారు" అని వారు సెలవిచ్చారు. సభంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. అది గమనించారు కాబోలు, "ఏమండీ, నా మాట మీకు నచ్చలేదా?" అని అడిగారు. "నచ్చకపోవడం కాదండీ, అదే మాట పదేళ్ళ క్రిందట నేనూ మా చెల్లెలితో అన్నాను" అన్నాను. అంతలో ఎవరో వచ్చి వారిని ఫొటోకు పిలుచుకుపోయారు. మిగిలిపోయిన ఆ మాట ఈ నెల ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇంటి గుట్టు అచ్చులో పెట్టడం మంచిదా కాదా అని వారం రోజులు ఆలోచించాను. చివరకు చెల్లెలినే అడిగాను. "పేర్లు వ్రాయకు అన్నయ్యా. మిగతాది జరిగింది జరిగినట్టు వ్రాయి. నువ్వు నాతో ఏమన్నావో అది కూడా వ్రాయి" అంది. అందుచేత వ్రాస్తున్నాను.

దాన్ని ఇక్కడే, మద్రాసులోనే ఇచ్చాము. (చెన్నై అనాలని నాకూ తెలుసు. నోరు తిరగదు.) బావగారు చెడ్డవారు కారు. తాగరు, చెయ్యి చేసుకోరు. అయినా పెళ్ళయిన కొన్నేళ్ళకే ఇద్దరికీ పడకుండా పోయింది. తప్పెవరిదని తేల్చడం ఈ పేజీ పని కాదు. తేల్చబోయిన బంధువులందరూ ఇద్దరికీ శత్రువులయ్యారు. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు వచ్చేసరికి చెల్లెలు నా దగ్గరకు వచ్చి, విడాకులకు వెళదామనుకుంటున్నానంది. అప్పుడు నేనన్న మాట ఇది: "పిల్లవాడి మొహం చూసి సర్దుకో అమ్మాయీ. నువ్వు కోర్టుకెక్కితే వాడు రోడ్డున పడతాడు." పక్కింటి అరవ మామి కూడా అదే పాట పాడింది. "అప్పన్ ఇల్లాద పైయన్ ఉరుప్పడమాట్టాన్" అంది. అంటే, తండ్రి లేని కుర్రవాడు బాగుపడడని. తండ్రి బ్రతికి ఉండగానే వాణ్ణి తండ్రి లేనివాణ్ణి చేసి మాట్లాడుతున్నామని ఆవిడకూ తోచలేదు, నాకూ తోచలేదు.

చెల్లెలు నా మాట విన్నది. నాలుగేళ్ళు విన్నది.

ఆ నాలుగేళ్ళూ ఆ రెండు గదుల ఇంట్లో భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడితే దెబ్బలాట, కాబట్టి మాట్లాడడం మానుకున్నారు. మధ్యలో కుర్రవాడు పోస్టు జవాను. "నాన్నతో చెప్పు, కరెంటు బిల్లు కట్టాలని." "అమ్మతో చెప్పు, ఈ నెల నా చేతిలో లేదని." మొదట్లో చెప్పింది చెప్పినట్టు మోశాడు. తర్వాత, ఇటు అన్నమాట అటు చేరిందో లేదో కనుక్కునేవారు లేరని వాడికి తెలిసిపోయింది. ట్యూషను ఫీజు అమ్మ దగ్గర ఒకసారి, నాన్న దగ్గర ఒకసారి వసూలు చేశాడు. ఇద్దరూ ఇచ్చారు. ఎదుటివారు ఇవ్వలేదని చెప్పుకోవడానికి ఇద్దరికీ అది పనికి వచ్చింది. కొంతకాలానికి ట్యూషనే మానేసి ఫీజు మాత్రం వసూలు చేశాడు. బావగారు బయట మెస్సులో తిని పదింటికి వచ్చేవారు. చెల్లెలు ఎనిమిదింటికి వంటిల్లు సర్దేసి గోడవైపు తిరిగి పడుకునేది. కుర్రవాడికి కంచంలో అన్నం పెట్టి దానిమీద మూత బోర్లించి ఉంచేది. వాడు ఎప్పుడు వచ్చి తినేవాడో ఎవరికీ తెలియదు.

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా, 2019లో ఒక మంగళవారం సాయంకాలం ఆఫీసులో నాకు ఫోను వచ్చింది. పోలీసు స్టేషను నుంచి. అమ్మ నంబరు ఇవ్వలేదు, నాన్న నంబరు ఇవ్వలేదు, నా నంబరు ఇచ్చాడు. వెళ్ళి చూస్తే బెంచీ మీద నలుగురు కుర్రవాళ్ళు, అందులో వీడొకడు. పక్కవీధిలో ఒక గేరు సైకిలు తాళం విరగ్గొట్టి పట్టుకుపోయి అమ్మజూపారట. మామూలు చీర కట్టుకున్న ఒక పోలీసు ఉద్యోగిని నన్ను చూసి, "తాయ్‌మామన్ దానే నీంగ?" అని అడిగింది. అరవదేశంలో మేనమామ అంటే సామాన్యమైన చుట్టరికం కాదు. చెవులు కుట్టించేటప్పుడు పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకునేది అతనే. "ఆమాం" అన్నాను గాని, నా గొంతు నాకే వినిపించలేదు.

ఇలాంటి గండం ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం మన చట్టం ఏమి చెబుతున్నదో తెలిసి ఉండడం మంచిది కనుక నేను నేర్చుకున్నది రెండు ముక్కలు చెబుతాను. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయం చూసేది 2015 నాటి బాలల న్యాయ చట్టం. అది 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్నది. చిన్న నేరమైతే, అంటే మూడేళ్ళకు మించని శిక్షగల నేరమైతే, పిల్లవాడి మీద ఎఫ్.ఐ.ఆర్. కట్టరు. స్టేషను డైరీలో వ్రాసుకుని, కుటుంబ పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపుతారు. బేడీలు వేయకూడదు, లాకప్పులో పెట్టకూడదు, యూనిఫారంలో ఉండి ప్రశ్నించకూడదు. పట్టుకుంటే ఇరవైనాలుగు గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. మన ఊళ్ళో ఇది పురసవాక్కం దగ్గర కెల్లీస్‌లో ఉన్నది. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో తేలాలి, మహా అయితే మరి రెండు నెలలు. అప్పటికీ తేలకపోతే కేసు అంతటితో సరి. నాకు అన్నిటికంటె నచ్చింది ఏమంటే, పిల్లవాణ్ణి నేరస్థుడు, ముద్దాయి అనే మాటలతో పిలవకూడదని చట్టమే చెబుతున్నది. మన బంధువులు ఆ చట్టం చదివితే బాగుండును.

ఈ విషయంలో మన మద్రాసుకు పాత పేరే ఉన్నది. పిల్లలకోసం ప్రత్యేకంగా చట్టం చేసినవాటిలో దేశంలో మొదటిది 1920 నాటి మద్రాసు బాలల చట్టం. బెంగాలు 1922లో, బొంబాయి 1924లో మన వెనకనే వచ్చాయి.

సరే, అసలు సంగతికి వస్తాను. బోర్డు తరపున ప్రొబేషన్ ఆఫీసరు మా చెల్లెలి ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. బావగారు ఉన్నారు, చెల్లెలు ఉన్నది, నేనూ వెళ్ళాను. ఆమె చేతిలో పెద్ద ఫారం. చదువు, ఆరోగ్యం, స్నేహితులు, ఇంట్లో ఎవరెవరు, ఎవరికెవరితో పొత్తు, ఇలా పేజీలకు పేజీలు. "మీరు విడాకులు తీసుకుంటున్నారా?" అని అడుగుతుందని నేను భయపడుతూ కూర్చున్నాను. ఆమె అది అడగలేదు. వాడు బడినుంచి ఎన్ని గంటలకు వస్తాడు? అప్పుడు ఇంట్లో ఎవరుంటారు? వాడి స్నేహితుల పేర్లు ఏమిటి? వాళ్ళ ఇళ్ళెక్కడ? ఆలస్యంగా వస్తే ఎవరు అడుగుతారు? ఒక్కో ప్రశ్నకు బావగారు చెల్లెలివైపు, చెల్లెలు బావగారివైపు చూశారు. నాలుగేళ్ళలో వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు. ఆఖరుకు ఆమె కుర్రవాణ్ణే అడిగింది, "రాత్రి అన్నం ఎవరితో తింటావు తంబీ?" అని. వాడు కాసేపు ఆలోచించాడు. "టీవీ ముందు మేడం" అన్నాడు.

ఆమె అది వ్రాసుకున్నది. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

పాఠకులు గమనించాలి: అప్పటికి ఆ ఇంట్లో విడాకులు కాలేదు! మన పెద్దాయన లెక్క ప్రకారం ఆ ఇల్లు నిలబడిన ఇల్లే. ప్రభుత్వం లెక్క ప్రకారం కూడా అంతే. ఢిల్లీలోని జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటేటా పుస్తకం వేస్తుంది. పట్టుబడిన పిల్లల కుటుంబ స్థితిని అందులో మూడు గళ్ళలో చూపుతారు. తల్లిదండ్రులతో ఉన్నవారు, సంరక్షకులతో ఉన్నవారు, ఇల్లు లేనివారు. ఏళ్ళ తరబడి నూటికి 80 మందికి పైగా మొదటి గడిలోనే పడుతున్నారు. మా మేనల్లుడూ అందులోనే.

ఈ అంకె చూపించి "చూశారా, విడాకులకూ పిల్లలు చెడడానికీ సంబంధమే లేదు" అనేవారు కూడా ఉన్నారు. అది కూడా తొందరే. మన దేశంలో పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల దగ్గరే ఉంటారు కాబట్టి పట్టుబడినవారిలోనూ వారే ఎక్కువ ఉంటారు. పైగా ఆ మొదటి గడిలో అమ్మ దగ్గర మాత్రమే ఉన్నవాడూ ఉంటాడు, అమ్మానాన్నా మాట్లాడుకోని ఇంట్లో ఉన్నవాడూ ఉంటాడు, నిశ్చింతగా ఉన్న ఇంటివాడూ ఉంటాడు. విడాకులకని వేరే గడి లేదు. ఇరవయ్యేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి, నాకు తెలుసు. రిజిస్టరులో గడి లేని సంగతి ఆఫీసు దృష్టిలో లోకంలోనే లేదు.

మరొక లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో, విడాకులు పొందినవారమని చెప్పుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 13 లక్షల 60 వేలమంది. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నామన్నవారు సుమారు 35 లక్షలు. అంటే రెండున్నర రెట్లు! మన దేశంలో కాపురాలు ఎక్కువగా విరిగేది కోర్టులో కాదు. పుట్టింటికి వెళ్ళి తిరిగి రాకపోవడంలో, ఉద్యోగం పేరు చెప్పి వేరే ఊళ్ళో ఉండిపోవడంలో. ఇక మా చెల్లెలిలాగా ఒకే కప్పు క్రింద విడిపోయినవారు ఈ రెండు అంకెల్లోనూ లేరు. కోర్టులో విడిపోతే పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలి, ఖర్చు ఎవరు పెట్టాలి, రెండోవారు ఎప్పుడు వచ్చి చూడాలి అని ఒక కాగితమైనా ఉంటుంది. ఇలా విడిపోయిన ఇంట్లో అదీ లేదు.

ఇంతకీ ఈ ప్రశ్న మనవాళ్ళకే పుట్టింది కాదు. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగింది. ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని మెల్లగా చదువుతాను. ఆ ఏడాది మేనల్లుడి పుణ్యమా అని కొంత చదివాను. అమెరికాలో బోస్టన్ నగరంలో షెల్డన్ గ్లూయెక్, ఎలినార్ గ్లూయెక్ అనే దంపతులు దారి తప్పిన 500 మంది కుర్రవాళ్ళనూ, తప్పని 500 మందినీ జతలు జతలుగా తీసుకుని పరిశోధించారు. వయస్సు, తెలివి, పేట, జాతి సరిపోయేటట్టు ఒకడికొకణ్ణి జతచేశారట. 1950లో పుస్తకం వేశారు. దారి తప్పినవారిలో నూటికి సుమారు 60 మంది విచ్ఛిన్నమైన ఇళ్ళనుంచి వచ్చారు. చావు, విడాకులు, వదిలి వెళ్ళడం, అన్నీ కలిపి. దారి తప్పనివారిలోనో, సుమారు 34 మంది. మన పెద్దాయన ఇక్కడిదాకా చదివితే "చెప్పలేదూ!" అంటారు. కాని ఆ రెండో అంకె చూడండి. బుద్ధిగా ఉన్న కుర్రవాళ్ళలో మూడోవంతు మంది కూడా విరిగిన ఇళ్ళవాళ్ళే. దారి తప్పినవాళ్ళలో 40 మందికి ఇల్లు నిలబడే ఉన్నది.

ఆ దంపతుల కాగితాలన్నీ పెట్టెలకొద్దీ హార్వర్డ్ న్యాయ కళాశాల లైబ్రరీ నేలమాళిగలో పడి ఉంటే, సాంప్సన్, లాబ్ అనే ఇద్దరు పండితులు వాటిని వెలికి తీసి మళ్ళీ లెక్క కట్టి 1993లో ప్రకటించారు. (పాత ఫైళ్ళు తగలబెట్టవద్దని మా ఆఫీసులో నేను మొత్తుకునేది ఇందుకే.) వాళ్ళు తేల్చింది ఇది. ఇల్లు విరిగిందా లేదా అన్నదానికంటె, పిల్లవాణ్ణి కనిపెట్టి చూసేవారున్నారా, వాడికీ పెద్దలకూ మధ్య ప్రేమ ఉన్నదా, శిక్షణ ఒక పద్ధతిగా ఉన్నదా లేక ఒకరోజు ముద్దూ ఒకరోజు బెత్తమూనా అన్నవాటికే ఎక్కువ బలం ఉన్నది.

నన్ను పట్టి కుదిపిన లెక్క మాత్రం మరొకటి. జోన్ మెక్‌కార్డ్ అనే ఆవిడ, బోస్టన్ పరిసరాల కుర్రవాళ్ళనే చిన్ననాటినుంచి నడివయస్సు దాకా వెంబడించి, 1982లో ప్రచురించింది. ఇల్లు విరిగి, తల్లి ప్రేమ కూడా కరువైనవారిలో నూటికి 62 మంది పెద్ద నేరాలు చేశారు. ఇల్లు నిలబడి ఉండి, తల్లిదండ్రులు దెబ్బలాడుకునే కుటుంబాలవారిలో 52 మంది. ఇల్లు నిలబడి, దెబ్బలాటలు లేనివారిలో 26. ఇల్లు విరిగినా తల్లి ప్రేమగా చూసుకున్నవారిలో 22. ఈ నాలుగు అంకెలూ నా డైరీలో వ్రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నేను చెల్లెలికి ఇచ్చిన సలహా ఏమిటి? 22 నుంచి తప్పించి 52లోకి వెళ్ళమని. అమెరికా అంకెలు మద్రాసుకు అలాగే అతకవని నాకు తెలుసు. అయినా ఆ పక్కపక్క అంకెలు నా కళ్ళముందునుంచి పోలేదు.

ఇలాంటి పరిశోధనలు 50 దాకా ఒకచోట చేర్చి వెల్స్, రాంకిన్ అనే ఇద్దరు 1991లో ఒక వ్యాసం వ్రాశారు. విరిగిన ఇళ్ళ పిల్లల్లో దారి తప్పడం నూటికి 10 నుంచి 15 మంది మేర ఎక్కువే ఉన్నదట. కాదనలేము. కాని అది బడి ఎగ్గొట్టడం, ఇల్లు వదిలి తిరగడం వంటి చిన్న తప్పుల్లో ఎక్కువ, పెద్ద నేరాల్లో తక్కువ. ఇంకొక విచిత్రం, తండ్రో తల్లో చనిపోయిన ఇళ్ళకంటె విడిపోయిన ఇళ్ళలోనే ఈ ప్రభావం ఎక్కువ.

ఇది చదివినప్పుడు మాత్రం మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆవిడ నలుగురు పిల్లలతో ముప్పై ఏళ్ళకే విధవరాలైంది. తండ్రి లేకపోవడమే పిల్లల్ని చెడగొట్టేదైతే మా నాన్నా, మా బాబాయిలూ అందరూ చెడిపోవాలి. ఒక్కరూ చెడలేదు. ఎందుకంటే తాతయ్య పోయిన రోజునుంచీ ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఒకరు బియ్యం పంపారు, ఒకరు పుస్తకాలు కొన్నారు, ఒకరు రోజూ అరుగు మీద కూర్చుని లెక్కలు చెప్పారు. చావు వచ్చిన ఇంటికి బంధువులు పరుగెత్తి వస్తారు. విడాకుల ఇంటికి రారు. వచ్చినా ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగిపోవడానికే వస్తారు. పిల్లవాడు ఎన్నో క్లాసు అని ఎవరూ అడగరు. ఇది ఏ పండితుడూ చెప్పింది కాదు, నేను మా చుట్టాలలో చూసింది.

విడాకుల వల్ల పిల్లలకు వచ్చే కష్టం చిన్నదని నేను అనడం లేదు. సంపాదన రెండు ఇళ్ళకు చాలదు. తల్లి ఉద్యోగానికి పోవాలి. అద్దె తక్కువ పేటకు మారాలి, బడి మారాలి, పాత స్నేహాలు పోతాయి. మనోవర్తి కోర్టు ఇప్పించినా నెలనెలా చేతికి రావడం దైవాధీనం. తండ్రి మొదట్లో ప్రతి ఆదివారం వస్తాడు, తర్వాత పండుగకు వస్తాడు, తర్వాత ఫోనులో పలకరిస్తాడు. ఈ చివరిదే అన్నిటికంటె పిల్లవాణ్ణి ఎక్కువ నమిలేస్తుందని నా నమ్మకం.

విడాకులు మనకు కొత్త అనుకోవడం కూడా పొరపాటే. కులపంచాయతీలో విడిపోవడం, మారుమనువు చేసుకోవడం మన తెలుగుదేశంలో ఎన్నో కులాలలో ఏనాటినుంచో ఉన్న ఆచారమే. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆ ఆచారాన్ని కొట్టివేయలేదు. అంతకు ఆరేళ్ళ ముందే, 1949లో, మన మద్రాసు శాసనసభ రెండో పెళ్ళిని నిషేధించి విడాకులకు దారి ఇచ్చే చట్టం చేసింది. ఆంధ్ర జిల్లాలన్నీ అప్పుడు మద్రాసులోనివే.

ఇక్కడ మన దుర్గాబాయమ్మగారిని తలచుకోకుండా ఉండలేను. 1937లో ఈ మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకున్న మనిషి; 1953లో చింతామణి దేశ్‌ముఖ్ గారిని చేసుకున్నారు. ఆ ఏడే చైనా వెళ్ళి అక్కడి కుటుంబ కోర్టులను చూసి వచ్చి, భార్యాభర్తల తగవులకు మామూలు కోర్టులు పనికిరావు, వేరే కోర్టులు కావాలని నెహ్రూగారితోనూ పెద్ద పెద్ద న్యాయమూర్తులతోనూ వాదించారు. ఆ చట్టం 1984లో గాని రాలేదు. ఆవిడ 1981లోనే పోయారు. ఆ చట్టం క్రింద లాయరును పెట్టుకోవడం హక్కు కాదు; ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి; సలహాదారులు ఉంటారు. మన ఊళ్ళో ఆ కోర్టు హైకోర్టు ఆవరణలోనే ఉన్నది. విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల్ని కలుసుకోవడానికి అక్కడే ఒక శిశు కేంద్రం కూడా ఉన్నది. పారీస్ కార్నర్ మీదుగా రోజూ పోతూనే ఉంటాము గాని, లోపల ఒక గదిలో ఒక తండ్రి బొమ్మ పట్టుకుని కూర్చుని ఉంటాడని మనకు తోచదు.

చెల్లెలు చివరకు ఆ కోర్టుకే వెళ్ళింది. ఈసారి నేను అడ్డు చెప్పలేదు, కూడా వెళ్ళాను. సైకిలు సొంతదారుకు చేరింది, బోర్డువారు పిల్లవాణ్ణి మందలించి, కొన్నాళ్ళు కౌన్సెలింగుకు రమ్మని ఇంటికి పంపేశారు, మూడు నెలల్లో అది ముగిసింది. ఆ తర్వాత బావగారే, "ఇలా లాగడం వల్ల ఎవరికీ లాభం లేదు బావా" అన్నారు. వేరే ఇల్లు తీసుకున్నారు. ఏడాది విడిగా ఉన్న తర్వాత ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకున్నారు. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976నుంచి ఉన్నది. దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు ఆగాలి. ఆ గడువును తగిన సందర్భాల్లో తగ్గించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గాని, వీళ్ళు ఆగారు. 2021లో డిక్రీ వచ్చింది. వాడు అమ్మ దగ్గర ఉండాలి, శని ఆదివారాలు నాన్న దగ్గర, బడి ఖర్చు నాన్నది, ట్యూషను ఫీజు నేరుగా మాస్టారికి. ఆ ఆఖరి షరతు వ్రాయించినది నేనే. అది చదివి కుర్రవాడు నన్ను చూసి నవ్వాడు.

ఆ తర్వాత అంతా చక్కబడిపోయిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. పదో తరగతిలో ఒకసారి తప్పాడు. ఒక ఏడాదిపాటు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న రెండో పెళ్ళి ఆలోచనలో ఉన్నారని విన్నప్పుడు రెండు రోజులు ఎక్కడికో పోయి, మూడో రోజు మా ఇంటికి వచ్చాడు. అప్పుడు మాత్రం, ఆ రెండు రోజులూ నలుగురం వెతికాము: అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ. నాన్న పెరంబూరు వైపు, నేను సెంట్రల్ స్టేషను వైపు. అరగంటకొకసారి ఒకరికొకరం ఫోను చేసుకున్నాము. భార్యాభర్తలుగా ఉన్న నాలుగేళ్ళలో వాళ్ళు అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు వాడికి పంతొమ్మిదేళ్ళు. ఐ.టి.ఐ. పూర్తి చేసి ఏ.సి. మెకానిక్కు పనికి పోతున్నాడు. పాత గొడవ వాడి ఉద్యోగానికి అడ్డు రాకూడదని చట్టం చెబుతున్నది కాని, పక్కింటి మామి నోటికి చట్టం లేదు. "అంద సైకిల్ పైయన్" అని ఇంకా అంటూనే ఉన్నది. వాడు విననట్టు మెట్లు దిగిపోతాడు.

ప్రతి మంగళవారం ఆఫీసు కాగానే నేను చెల్లెలి ఇంటికి వెళ్ళి వాడితో కలిసి అన్నం తింటాను. ఆరేళ్ళనుంచి ఇది అలవాటు. వాడు పెద్దగా మాట్లాడడు. నేనూ బలవంతం చేయను. క్రిందటి మంగళవారం మాత్రం వానలో మా బస్సు ఆగిపోయి నేను వెళ్ళేసరికి తొమ్మిదిన్నర దాటింది. చెల్లెలు నిద్రపోతున్నది. వంటింట్లో రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. వాడు ఫోను చూసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు తినెయ్యకపోయావా?" అన్నాను.

"మంగళవారం కదా మామయ్యా" అని లేచి కంచాలు తిప్పాడు.